చివరి పది నిమిషాల మాట

కళ్ళద్దాల షాపు పక్కనుంచి పైకి పదిహేడు మెట్లు. పదో మెట్టు మిగతావాటి కన్నా బొటనవేలంత పొట్టి. కొత్తగా వచ్చినవాళ్ళు అక్కడ తప్పకుండా ఒకసారి తూలి, గోడ పట్టుకుని, ఎవరూ చూడలేదు కదా అని వెనక్కి తిరిగి చూస్తారు. మెట్ల చివర గది. గదిలో పదకొండు చాపలు, ఒక గోడ గడియారం, మూల ఒక కుర్చీ. వీధికి అవతల లాండ్రీ ఉంది. పొద్దున్నే వాళ్ళ ఇస్త్రీ ఆవిరి వీధి దాటొచ్చి ఈ గది కిటికీ అద్దం మీద తెల్లగా కూర్చుంటుంది. ఏడు కొట్టేసరికి, ఎవరో ఇంట్లోంచి పిలిచినట్టు, లేచి వెళ్ళిపోతుంది.

ఆ గదిలో ఇరవై ఆరేళ్ళుగా యోగా నేర్పుతున్న మనిషికి ఊపిరి టీచరు అని పేరు పడిపోయింది. ఎదురుపడితే మాత్రం టీచరమ్మా అంటారు. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. సన్నటి మనిషి, పొడుగాటి మెడ. నేల మీద నడిస్తే చప్పుడు ఉండదు. మెట్లు దిగుతుంటే మాత్రం ఎడమ మోకాలు ఒక్కో మెట్టుకీ టక్కుమంటుంది.

కింద షాపు వాళ్ళాయనది. కొత్తవాళ్ళెవరైనా పైన ఏం నేర్పుతారని అడిగితే ఆయన ఎప్పుడూ ఒకటే చెబుతాడు.

"కింద నేను చూపు అమ్ముతానండీ. పైన మా ఆవిడ చూసేవాణ్ణి అమ్ముతుంది. నా సరుక్కి గ్యారంటీ ఉంది."

అందులో సగం నిజమే. మొదటి నలభై నిమిషాలు ఆమె కూడా అందరు టీచర్లలాగే కాళ్ళూ చేతులూ వంచడం నేర్పుతుంది. చివరి పది నిమిషాలే వేరు. అందరూ శవాసనంలో వెల్లకిలా పడుకున్నాక, కర్టెను సగం లాగి, గొంతు ఒక మెట్టు దించి, ఒక మాట చెబుతుంది.

"ఒంట్లో ఏం జరుగుతున్నా చూడండి. నొప్పి ఉంటే నొప్పిని చూడండి. కనిపించేది మీరు కాదు. చూసేది ఎప్పుడూ నొప్పి పడలేదు. చూసేది ఒక్కటే. రెండు లేవు."

ఇరవై ఆరేళ్ళలో ఆ మాటలో ఒక్క అక్షరం మారలేదు. కొందరు ఆ మాట వినడానికే వచ్చేవాళ్ళు. కొందరికి ఆ మాట మొదలవగానే నిద్ర పట్టేది. ఎవరి లాభం వాళ్ళది.

ఆ మాట ఆమెకి ఒక పెద్దాయన ఇచ్చాడు. అప్పుడామెకి పంతొమ్మిదేళ్ళు, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం. ఉబ్బసం మనిషి. "లైన్లో ఉండండి" అనే రెండు ముక్కల మధ్యలో కూడా ఊపిరి తెగిపోయేది. అవతలివాళ్ళు లైను తెగిందనుకుని ఫోను పెట్టేసేవాళ్ళు. సూపర్‌వైజరు "నీ ఊపిరి ఒక చోట, ఉద్యోగం ఒక చోట పెట్టుకో" అని విసుక్కునేది. తోటి అమ్మాయి ఒకతె జాలిపడి, లైబ్రరీ వెనక గదిలో ఊపిరి పాఠాలు చెప్పే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే పని చేసి రిటైరయిన మనిషి.

"ముప్ఫై నాలుగేళ్ళు చిరునామాలు చదివానమ్మా" అనేవాడు. "రాసేవాడు వేరు, అందుకునేవాడు వేరు అని గట్టిగా నమ్మితే తప్ప ఆ ఉద్యోగం నడవదు. రిటైరైన రోజు నమ్మడం మానేశాను. హాయిగా ఉంది."

ఆయన అద్వైతం అంతే. పెద్ద పుస్తకాలు చదివాడు గానీ, పైకి చెప్పేది ఆ పాటి మాటే. ఉబ్బసం పట్టి ఆమె గుడ్లు తేలేస్తుంటే పక్కన కూర్చుని "చూడు. ఊపిరి అందడం లేదు అనేది నీకు తెలుస్తోంది కదా. తెలుస్తున్నదానికి ఊపిరి అవసరం లేదు. అక్కడుండు" అనేవాడు. ఆమె అక్కడుండేది. నిజంగానే అక్కడ ఒక చోటు ఉండేది. గాలి లేని, భయమూ లేని, వాన ఆగిన తర్వాతి వీధిలాంటి చోటు. ఎక్స్ఛేంజిలోకి మెషిన్లు వచ్చి ఆమె ఉద్యోగం ఊడేనాటికి ఆ చోటే ఆమెకి వృత్తి అయ్యింది.

ఇదంతా డ్రైవరుగారు రాకముందు సంగతి.

డ్రైవరుగారు బస్సు తోలి తోలి రిటైరైన మనిషి. అరవై ఏడేళ్ళు. పొట్ట ముందు, ఆయన వెనక నడుస్తున్నట్టుంటారు. నడుము నొప్పి తగ్గుతుందని నాలుగేళ్ళ కిందట మెట్లెక్కారు, పదో మెట్టు దగ్గర తూలారు, "ఇక్కడ స్పీడ్ బ్రేకరు ఉందని బోర్డు పెట్టండి చెల్లెమ్మా" అన్నారు. ఆ రోజునుంచి ఆయన అన్నయ్యగారు, ఆయన భార్య వదినగారు.

తలుపు పక్క చాప ఆయనది. ఆసనాలు అంతంత మాత్రమే. కానీ అంత బుద్ధిగా వినే విద్యార్థిని ఆమె చూడలేదు. ఎర్ర దీపం చూసి ఆగినట్టు ఆగేవారు, పచ్చ దీపం చూసి కదిలినట్టు కదిలేవారు. "ఎడమకి" అంటే, బస్సు కిటికీలోంచి సిగ్నలిచ్చినట్టు, కుడి చేయి బయటికి చాచబోయి నాలుక కరుచుకున్న రోజులూ ఉన్నాయి. శవాసనంలో మొదట్లో గురక పెట్టేవారు. పక్క చాప మీద పడుకునే దర్జీ ఒకరోజు "ఇంజను ఆపి పడుకోండి బాబాయ్" అన్నాడు. అందరూ నవ్వారు. అప్పట్నుంచి పట్టుదలగా మెలకువ ఉండటం మొదలుపెట్టారు. ఆ చివరి మాట మొత్తం విన్నారు, కంఠతా పట్టారు, ఇంటికెళ్ళి వదినగారికి అప్పజెప్పారు.

ఆ మంగళవారం క్లాసు మామూలుగానే అయ్యింది. కిటికీ మీద ఆవిరి వెళ్ళిపోయింది. "నెమ్మదిగా పక్కకి తిరిగి లేవండి" అన్నాక పదిమంది లేచారు. డ్రైవరుగారు లేవలేదు.

"బాబాయి ఇంజను ఆపేశారు" అన్నాడు దర్జీ, చాప చుట్టుకుంటూ.

టీచరమ్మ దగ్గరికెళ్ళి వంగింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నుదుటి మీద చెమట పూసలు పూసలుగా. పెదవులు బూడిద రంగు. ఆమెని చూసి నవ్వబోయారు.

"చూస్తున్నాను చెల్లెమ్మా" అన్నారు.

ఆమె మెట్ల దగ్గరికి పరిగెత్తింది. మెట్ల మీదనుంచి ఒక్క కేక పెట్టింది. ఊపిరి టీచరు గొంతులో అంత చప్పుడుందని ఆ వీధికి ఆ రోజే తెలిసింది. కింద వాళ్ళాయన చేతిలో ఉన్న అద్దం బల్ల మీద పడేసి ఫోనందుకున్నాడు. అంబులెన్సు వాళ్ళు స్ట్రెచరు దింపుతుంటే పదో మెట్టు దగ్గర తూలారు. స్ట్రెచరు మీదనుంచి డ్రైవరుగారు సన్నగా "స్పీడ్ బ్రేకరు" అన్నారు.

గుండెకి వెళ్ళే రక్తనాళం ఒకటి దాదాపు మూసుకుపోయిందట. స్టెంటు వేశారు. ఇంకొక అరగంట ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

మూడో రోజు టీచరమ్మ చూడటానికి వెళ్ళింది. మంచం పక్కన మెషిను గీతలు గీసుకుంటోంది. వదినగారు స్టూలు మీద కూర్చుని ఆయన సాక్సు మడతపెడుతోంది. డాక్టరమ్మ కాగితాలు తిప్పుతూ అడుగుతోంది.

"నొప్పి ఎప్పుడు మొదలైందండీ?"

"ఏడుకి పావు తక్కువ" అన్నారు డ్రైవరుగారు ఠక్కున. "మొదట దవడ కింద. తర్వాత ఎడమ భుజం. అక్కణ్ణించి ఛాతీ మధ్యలోకి వచ్చి కూర్చుంది."

"అంత స్పష్టంగా తెలుస్తుంటే మరి ఎందుకు చెప్పలేదు? పక్కనే పదిమంది ఉన్నారు కదా!"

"చెప్తే చూడటం ఆగిపోతుంది కదండీ."

డాక్టరమ్మ పెన్ను ఆగింది. ఇదేం జబ్బు అన్నట్టు వదినగారి వైపు చూసింది. వదినగారు సాక్సు మడత విప్పి మళ్ళీ మడతపెట్టింది.

డాక్టరమ్మ వెళ్ళాక డ్రైవరుగారు టీచరమ్మ వైపు తిరిగారు. పరీక్ష పాసైన కుర్రాడి మొహం.

"నాకు వచ్చేసింది చెల్లెమ్మా. నాలుగేళ్ళకి వచ్చేసింది. నొప్పి ఎదురుగా లారీలా వస్తోంది. హారన్ కొట్టలేదు, పక్కకి తియ్యలేదు. అలా చూస్తూ ఉన్నాను. చూసేవాడికి ఏమీ కాలేదు. మీరు చెప్పింది అక్షరాలా నిజం."

"పక్కకి తియ్యాలి అన్నయ్యగారూ" అంది టీచరమ్మ. "లారీ వస్తే బండి పక్కకి తియ్యాలి."

"తియ్యమని మీరు చెప్పలేదు కదమ్మా."

ఎత్తిపొడుపు కాదది. రూటు చెప్పినవాళ్ళని రూటు అడిగినట్టే అడిగారాయన.

వదినగారు సాగనంపే నెపంతో వరండాలోకి వచ్చింది. గోడకి ఆనించిన చక్రాల కుర్చీల వరస పక్కన నిలబడ్డారు ఇద్దరూ.

"శవాసనం నేర్పుతారని తెలుసు టీచరమ్మా. అంత బాగా నేర్పుతారనుకోలేదు."

టీచరమ్మ తల దించుకుంది.

"బండిలో ఎక్కడో చిన్న చప్పుడు వస్తే రాత్రి అన్నం సహించేది కాదు ఆయనకి. తెల్లారకముందే షెడ్డుకి తీసుకుపోయి, మెకానిక్కు ప్రాణం తీసి, ఆ చప్పుడేదో తేలాకే పాసింజర్లని ఎక్కించుకునేవాడు. అలాంటి మనిషి మూణ్ణెల్లుగా మెట్లెక్కితే దవడ లాగుతోందని ఇప్పుడు చెబుతున్నాడు. ఎవరికీ చెప్పలేదట. చూస్తున్నాడట." ఆవిడ గొంతు పెంచలేదు. "ఒక్క మాట అడుగుతాను. చూసేవాడికి నొప్పి లేదు. సరే, ఒప్పుకున్నాను. చూసేవాడికి పెళ్ళాం ఉందా?"

"వదినగారూ..."

"ఇంకొకటి. రెండు లేవంటారు కదా మీరు. ఆయన ఇంటికొచ్చి రోజూ చెప్పేవాడు, రెండు లేవే, రెండు లేవే అని. మరి రెండు లేకపోతే, ఆయన గుండె పట్టేసినప్పుడు నాలుగడుగుల దూరంలో నిలబడి మీకెందుకు తెలియలేదు?"

సమాధానం కోసం ఆవిడ ఆగింది కూడా. చక్రాల కుర్చీ ఒకటి దానంతటదే అంగుళం ముందుకి జరిగి ఆగింది. ఇద్దరూ దాన్నే చూశారు. తర్వాత వదినగారు లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాటినుంచి టీచరమ్మ ఆ మాట చెప్పలేదు.

క్లాసు ఆపలేదు. నలభై నిమిషాలూ మామూలే. కర్టెను సగం లాగేది, గొంతు ఒక మెట్టు దించడానికి సిద్ధమయ్యేది, అక్కడే ఆగిపోయేది. పదిమందీ కళ్ళు మూసుకుని ఎదురుచూసేవాళ్ళు. తలుపు పక్క చాప ఖాళీగా ఉండేది. పది నిమిషాలు గడియారం ఒక్కటే మాట్లాడేది. రెండో వారం దర్జీ చెప్పులేసుకుంటూ "టీచరమ్మా, చివర్లో ఏదో మర్చిపోతున్నారు. లేచాక బొత్తాం పెట్టని చొక్కాలా ఉంటోంది" అన్నాడు. ఆమె వెళ్ళి కర్టెను పూర్తిగా తీసింది.

ఆ మాట తప్పని తేలితే మానేయడం ఆమెకి కష్టం కాదు. తప్పు కాదని ఆమెకి తెలుసు. నలభై ఏళ్ళ కిందట గాలి ఆడని ఛాతీతో ఆ చోట నిలబడిన మనిషి ఆమే. అది కట్టుకథ కాదు. కానీ నిజమైన మాట చెప్పి మనిషిని చావు గుమ్మం దాకా పంపింది. మాట నిజం, జరిగింది నిజం. ఈ రెండింటినీ ఒక సంచిలో పెట్టుకుని తిరగడం ఆమె వల్ల కాలేదు.

"మానెయ్యి, ఎవరూ ఏమీ అనుకోరు" అన్నాడు వాళ్ళాయన ఒక మధ్యాహ్నం, షాపులో ఫ్రేములు తుడుస్తూ. "చేతులూ కాళ్ళూ వంచడానికి వస్తారు, వంచి పోతారు. కాకపోతే దానికి పైదాకా ఎక్కడమెందుకు? నా షాపులో నేల తుడిచినా వంగుతారు."

"అంటే చెప్పమంటావా, వద్దంటావా?"

"నాకేం తెలుసు? నాది గ్యారంటీ సరుకు."

ఆరో వారం డ్రైవరుగారి ఫోను. డాక్టరమ్మ తేలిక వ్యాయామానికి ఒప్పుకుందట. సోమవారం నుంచి వస్తారట. ఆమె ఆనందంగా ఏదో అనబోయేలోగా ఫోను చేయి మారింది.

"నేనమ్మా. వస్తాడు. కానీ ఆ మాట చెబితే మాత్రం మర్నాటినుంచి పంపను. నేనూ వచ్చి కూర్చుంటాను, వింటాను."

వెనకనుంచి డ్రైవరుగారి గొంతు. "ఆ మాట లేకపోతే నేనే రాను! చేతులు ఊపుకోవడానికి పదిహేడు మెట్లెక్కాలా? ఇంట్లో ఊపుకుంటాను!"

"ఊపుకో. కనీసం నా కళ్ళ ముందు ఊపుకో."

"చెల్లెమ్మా, మీరు దీని మాట..."

ఫోను పెట్టేశారు. ఎవరు పెట్టేశారో తెలియలేదు.

ఆదివారం క్లాసు లేదు. చాపలు ఎండలో దులుపుదామని ఆమె మధ్యాహ్నం మెట్లెక్కింది. లాండ్రీ వాళ్ళు గోడ పగలగొట్టి కొత్త మెషిను దింపుతున్నారు. సున్నపు దుమ్ము వీధంతా. ఐదో మెట్టు దగ్గర ఛాతీ బిగిసింది. ఎనిమిదో మెట్టుకి ఈల మొదలైంది, చాలా నెలల తర్వాత వచ్చిన పాత చుట్టంలా. పదో మెట్టు మీద కూలబడింది. అప్పటికే ఆమె చేయి సంచిలోకి వెళ్ళి, పీల్చే మందు డబ్బా తీసి, మూత ఊడదీసి, నోటి దగ్గర పెట్టేసింది. ఒకసారి. రెండోసారి. ఈల సన్నగిల్లింది.

చేతిలో నీలం డబ్బాని అప్పుడు చూసింది.

నలభై ఏళ్ళుగా ఆ సంచిలో అది లేని రోజు లేదు. ఖాళీ అవక ముందే కొత్తది వచ్చి చేరేది. చేయి ముందు వెళ్ళేది, చూడటం తర్వాత వచ్చేది. అది ఎప్పుడూ పాఠంలో భాగం అనిపించలేదు. చెప్పులు వేసుకోవడం పాఠంలో భాగం కానట్టు. తన సంచిలో మందు పెట్టుకుని, పదకొండు మందిని వట్టి చేతులతో పడుకోబెట్టి, నొప్పిని చూడమంది.

అప్పుడు లైబ్రరీ వెనక గది గుమ్మం గుర్తొచ్చింది. పెద్దాయన రోజూ ఆ గుమ్మంలోనే నిలబడేవాడు. నమస్కారం కూడా అందుకోకుండా ఒకటే అడిగేవాడు. "మందు తెచ్చుకున్నావా?" తేలేదంటే గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. ఒకసారి వానలో ఇంటిదాకా తిప్పి పంపాడు. ఆమె తిట్టుకుంటూ వెళ్ళి తెచ్చుకుంది. తెచ్చాక డబ్బా ఊపి చూసి, అందులో మందు ఉందని తేల్చుకుని, అప్పుడు పక్కన కూర్చుని ఆ పెద్ద మాట చెప్పాడు. గుమ్మంలో మాట ముసలాయన చాదస్తం అనుకుంది. గదిలో మాట పాఠం అనుకుంది. గదిలోదే రాసుకుంది. గదిలోదే ఇరవై ఆరేళ్ళు అప్పజెప్పింది. సగం ఉత్తరమే బట్వాడా చేసింది.

కింద షాపులో ఎవరో కొత్త ఫ్రేము పెట్టుకుంటున్నట్టున్నారు. వాళ్ళాయన గొంతు మెట్ల గుండా పైకి వచ్చింది. రోజుకి ఇరవైసార్లు, ఏడాదిలో అన్ని రోజులూ ఆయన అనే మాటే.

"ఇదిగో అద్దం. చూసుకోండి."

ఆమె పదో మెట్టు మీద అలాగే కూర్చుంది. దుమ్ములో ఎండ ఒక పలకలా నిలబడి ఉంది.

చూడండి. చూసుకోండి. మధ్యలో చిటికెడు తేడా. రెండోదానిలో చూసేవాడూ కనిపించేవాడూ ఒక్కడే. అద్దంలో మొహం చూసుకుంటారు. ఇంట్లో ముసలివాళ్ళని చూసుకుంటారు. దారిలో కాలికింద చూసుకుంటారు. ఆ మాటలో మనిషి పక్కకి తప్పుకోడు. రెండు లేకపోవడమంటే ఏమిటో ఆ చిన్న ముక్క ఏనాడో చెప్పేసి, కళ్ళద్దాల షాపులో కూలి పని చేసుకుంటోంది. వదినగారి ప్రశ్నకి ఇది జవాబు అవుతుందో కాదో ఆమెకి తెలియలేదు. నాలుగడుగుల దూరంలో తెలియకపోవడం తెలియకపోవడమే. కానీ ఇకమీద అడిగితే తెలుస్తుంది. అడగడం తన పని.

"ఏమిటి, మెట్ల మీద కూర్చున్నావు?" కిందనుంచి వాళ్ళాయన.

"ఊపిరి తీసుకుంటున్నాను."

"పైన గది కట్టింది అందుకే కదా!"

సోమవారం ఆరింటికి ముందే ఆమె గుమ్మంలో నిలబడింది. ఇరవై ఆరేళ్ళలో ఎప్పుడూ గుమ్మంలో నిలబడలేదు. లోపల తన చోట కళ్ళు మూసుకుని కూర్చునేది, వాళ్ళే వచ్చి సర్దుకునేవాళ్ళు. ఇప్పుడు ఒక్కొక్కరినీ ఆపింది.

"ఒంట్లో ఎలా ఉంది?"

దర్జీ వెనక్కి తిరిగి చూశాడు, తననేనా అని. "బాగానే ఉంది టీచరమ్మా."

"మెడ పక్కకి పెట్టి నడుస్తున్నారు."

"అదా... పదిహేను రోజులుగా పట్టేసింది. కుట్టు మెషిను దగ్గర. చెప్పేంతది కాదని..."

"ఇవాళ మెడ వంచకండి. సాయంత్రం డాక్టరుకి చూపించుకోండి."

ఒకరికి కళ్ళు తిరుగుతున్నాయట. ఒకరికి నిద్ర లేదట. నాలుగేళ్ళుగా పక్క పక్క చాపల మీద పడుకున్న మనుషుల గురించి అయిదు నిమిషాల్లో ఆమెకి తెలిసినంత ఎప్పుడూ తెలియలేదు.

డ్రైవరుగారు మెట్ల మలుపులో ఆగి, ఊపిరి తీసుకుని, పైకి వచ్చారు. పొట్ట సగానికి తగ్గింది. వెనకే వదినగారు, చేతిలో మందుల సంచి.

"ఒంట్లో ఎలా ఉంది అన్నయ్యగారూ?"

"బ్రహ్మాండం!"

"అబద్ధం" అంది వదినగారు. "నిన్న నడకలో రెండుసార్లు ఆగాడు."

"సిగ్నలు పడిందే, ఆగాను!"

"నాలుక కింద పెట్టుకునే మాత్ర తెచ్చుకున్నారా?" అంది టీచరమ్మ.

డ్రైవరుగారు చొక్కా జేబు తట్టారు. జేబు ఖాళీ. వదినగారు సంచిలోంచి చిన్న సీసా తీసి, ఆయన జేబులో వేసి, గుండీ పెట్టింది. టీచరమ్మ వైపు ఒక్క క్షణం చూసింది, ఈ ప్రశ్న ఎక్కణ్ణించి వచ్చిందా అన్నట్టు. మూలనున్న కుర్చీ లాక్కుని, చేతులు కట్టుకుని, సాక్ష్యం చెప్పడానికొచ్చినట్టు కూర్చుంది.

నలభై నిమిషాలు అయ్యాయి. అందరూ వెల్లకిలా పడుకున్నారు. కర్టెను సగం లాగింది. గొంతు ఒక మెట్టు దించింది. కుర్చీ కిర్రుమంది, వదినగారు ముందుకి వంగింది. తలుపు పక్క చాప మీద డ్రైవరుగారు కళ్ళు మూసుకుని, ఎదురుచూపుతో కనుబొమలు పైకెత్తి ఉన్నారు.

"ఒంట్లో ఏం జరుగుతున్నా..." అంది టీచరమ్మ.

ఇరవై ఆరేళ్ళ అలవాటు. నోరు పాత దారిలోకే తిరగబోయింది. ఆమె ఆపి, బండిని పక్కకి తీసింది.

"...చూసుకోండి. నొప్పి ఉంటే చూడండి. చూసి ఊరుకోకండి, నాకు చెప్పండి. చెబితే చెదిరిపోయేది కాదు, చూసేది. నొప్పి దాన్ని తాకలేదు, నిజమే. కానీ నొప్పి పడేదాన్ని అది వదిలేసిపోదు. పోవడానికి రెండో చోటు లేదు. చూసేది ఒక్కటే. రెండు లేవు. అందుకని మీకొస్తే మనకొచ్చినట్టు. చెప్పండి, చూద్దాం."

టిక్కుటిక్కుమంటూ గడియారం. ఆమె వదినగారి వైపు చూడలేదు, ధైర్యం చాలలేదు. డ్రైవరుగారి వైపు చూసింది. కనుబొమలు ఎత్తినవి ఎత్తినట్టే ఉన్నాయి. ఆయనకిష్టమైన మాట మారిపోయింది. ఇప్పుడు లేచి వెళ్ళిపోతారేమో అనుకుంది. కిటికీ మీద ఆవిరి అంచులనుంచి కరుగుతోంది.

ఒక నిమిషం. రెండు.

"చెల్లెమ్మా" అన్నారు డ్రైవరుగారు కళ్ళు తెరవకుండానే, పరీక్ష హాల్లో పక్కవాణ్ణి అడిగినట్టు గుసగుసగా.

పదిమందికీ ఊపిరి ఆగింది. టీచరమ్మ లేచింది.

"ఏమిటన్నయ్యగారూ?"

"చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. ఎడం కాలి పిక్క పట్టేసింది. చాలా గట్టిగా. ఇందాకటినుంచి చూస్తున్నాను, పోవడం లేదు."

దర్జీ ముక్కులోంచి ఒక నవ్వు జారింది. దాని వెనక ఇంకొకటి. పట్టేసిన మెడ పట్టుకుని మరీ నవ్వాడు. శవాలన్నీ పొట్టలు అదిరేలా నవ్వాయి.

టీచరమ్మ ఆయన చాప వైపు అడుగు వేసేలోగా కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. వదినగారు వచ్చి చాప అంచున చతికిలబడి, ఎడం కాలు తన ఒడిలోకి లాక్కుని, మడమ పట్టుకుని పాదం పైకి వంచింది. డ్రైవరుగారు అబ్బా అన్నారు.

"అరవకు" అని ఆయనతో అని, తల ఎత్తకుండానే టీచరమ్మతో అంది.

"నేను చూసుకుంటాలెండి. మీరు కానివ్వండి. ఇంకా ఆరు నిమిషాలుంది."